మన సీటు

నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళ పేర్ల మీద.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మాబోటి పిల్లలకి తెలుగు మాట్లాడటం వస్తుంది, అదీ సగం హిందీతో. చదవడం రాదు. నాకు వచ్చిందంటే దానికి కారణం, మా ఇంట్లో ఎవరూ ఉండని ఒక పార్లమెంటు నియోజకవర్గం. అది ఉత్తరాంధ్రలో సముద్రం ఒడ్డున ఉంది. మా తాత అక్కడి నుంచి రైల్వేలో ఖలాసీగా ఇక్కడికి వచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరి, ఇక్కడే రిటైరయ్యాడు. ఓటు మాత్రం అక్కడే ఉంచుకున్నాడు. ఆ నియోజకవర్గాన్ని ఆయన పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. ‘మన సీటు’ అనేవాడు, జనరల్ బోగీలో తువ్వాలు వేసి ఆపుకున్న చోటు గురించి చెప్పినట్టు.

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, ఆ వైపు నుంచి వచ్చే బండి గార్డు చేత తెలుగు పేపరు తెప్పించేవాడు. అందులో మన సీటు ఉన్న ముక్క కత్తిరించి, పాత డ్యూటీ రిజిస్టరులో మైదాపిండితో అతికించేవాడు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా వేలు పట్టుకుని ఒక్కొక్క పేరు మీదా నడిపించేవాడు. గెలిచినవాడి పేరు లావు అక్షరాల్లో ఉండేది కాబట్టి సులువుగానే వచ్చింది. గుణింతాలూ ఒత్తులూ నేర్పింది మాత్రం డిపాజిట్లు పోయినవాళ్ళు.

ఆ సీటు చరిత్ర నాన్న నోట వంశావళిలా వచ్చేది. మొదట గెలిచినాయన భూస్వామి. ఓట్లు అడగడానికి ఆయన రాలేదు, ఆయన గుర్రబ్బండి వచ్చిందట. బండిని చూసే జనం ఓట్లేశారు. ఆ తర్వాతి మనిషి ప్లీడరు. మా ఊరి ఒడ్డున పడవలు కట్టుకోవడానికి జెట్టీ కట్టిస్తానని ఒక రాయి వేయించాడు. రెండుసార్లు గెలిచాడు. మూడోసారి ఆయన మీద సొంత మేనల్లుడే నిలబడి, మామ వేయించిన రాయి మరీ చిన్నదని ఎగతాళి చేసి, గెలిచి, పక్కనే పెద్ద రాయి వేయించాడు. ఆ తర్వాత ఒక గాలి వచ్చింది. ఆ గాలిలో ఎవరూ మొహం చూడని మనిషొకడు గెలిచాడు. ఐదేళ్ళలో ఒక్కసారే వచ్చాడు, తుపాను తర్వాత, హెలికాప్టరులో. దిగలేదు. ఆ వెనక వచ్చిన కాంట్రాక్టరు మూడు ఎన్నికల్లో మూడు జెండాలు కట్టుకుని మూడుసార్లూ గెలిచాడు. మూడో రాయి ఆయనదే, పాలరాయి. మొదటి రాయిని సముద్రం తీసుకుపోయింది. రెండో రాయి మీద ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు. మూడోదాని మీద కత్తులు నూరుకుంటారు. జెట్టీ ఇప్పటికీ లేదు.

ఇదంతా నేను చిన్నప్పుడు కథలా విన్నాను. ఇందులో కోపం తెచ్చుకోవలసిందేమైనా ఉందని నాన్న ఎప్పుడూ చెప్పలేదు. కాంట్రాక్టరు మూడు జెండాల సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం కూడా ఉండేది, మనవాడు గట్టివాడని.

మేమున్న ఊరి ఎన్నికలు మాకు పట్టేవి కావు. మైకు బండి కాలనీలోకి వస్తే నాన్న లేచి కిటికీ రెక్క వేసేవాడు. ‘ఇక్కడ ఓటు రాయించుకోవచ్చు కదా’ అని షెడ్డులో ఎవరైనా అంటే ఒకటే మాట అనేవాడు. “ఇక్కడి ఓటు ప్లాట్‌ఫాం టికెట్టు లాటిది. లోపలికెల్లి నిలబడొచ్చు. బండెక్కడానికి పనికిరాదు.” షెడ్డులో ఆ మాటకి నవ్వేవారు. ఇంటికి వచ్చి మళ్ళీ మాకు చెప్పేవాడు. అమ్మ నవ్వేది కాదు.

పార్లమెంటు ఎన్నిక వచ్చిందంటే నాన్న రైల్వే పాసు తీసుకుని బయలుదేరేవాడు. మూడు నాలుగు రోజులు మేమిద్దరమే క్వార్టరులో. అమ్మది సముద్రం వైపు కాదు, లోపలెక్కడో మెట్ట ఊరు. పెళ్ళయ్యాక ఒక్క పూట ఆ ఒడ్డు చూసి నేరుగా ఇక్కడికి వచ్చేసింది. నాకు ఐదారేళ్ళున్నప్పుడు ఒకసారి, తనూ వస్తానంది.

“నువ్వెందుకే, పిల్లనేసుకుని ఆ జనంలో” అన్నాడు నాన్న, చొక్కాలు సంచిలో కుక్కుకుంటూ.

“నాకూ ఓటుంది గదా అక్కడ.”

“నీ ఓటు మావోళ్ళు ఏయించీస్తారు. పోయినపాలీ ఏయించీసినారు.”

“ఎవులికి?”

“ఎవులికైతే నీకేటి? మనోళ్ళకే.”

అమ్మ అచ్ఛా అంది. హిందీలో ఆమెకి బాగా వచ్చిన మాట అదొక్కటే. సరేనని చెప్పడానికీ, ఇంక మాట్లాడనని చెప్పడానికీ అదే వాడేది.

తిరిగి వచ్చాక నాన్న చేసే మొదటి పని ఎడమచేతి చూపుడువేలు చూపించడం. గోరు మీదా చర్మం మీదా నల్లటి గీత. డ్యూటీకి వెళ్తే షెడ్డులోనూ అడిగి చూసేవారట. రానూపోనూ వెయ్యి కిలోమీటర్లకి తక్కువ కాదు, అంత దూరం వెళ్ళి ఓటేసి వచ్చాడని టీ తాగించేవారు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు వచ్చిన ఎన్నికకి ఆ వేలు వాచి వచ్చింది. నల్లటి గీత చుట్టూ బొబ్బలు, నీరు కారుతున్నాయి. “ఈపాలి సిరా గట్టిది” అన్నాడు. అమ్మ ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. వంటింట్లోకి వెళ్ళి కొబ్బరి నూరి పట్టు వేసింది. సిరా పుండుకి కొబ్బరి ఏమిటని అప్పుడు నాకు తట్టలేదు. నాకు జ్ఞాపకం ఉన్నదల్లా కట్టు కడుతున్న అమ్మ చేతులు. వేళ్ళకి గోరింటాకు టోపీలు ఎర్రగా ఉన్నాయి. ఆషాఢం కాదు, పండగ కాదు. క్వార్టరు వెనక గోరింట చెట్టు ఉండేది కాబట్టి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పెట్టుకునేది అనుకున్నాను. ఒక వేలు మిగతావాటికంటే నల్లగా ఉంటే అడిగాను. “ఆ ఏలుకి బాగా పండింది” అంది.

ఇప్పుడు అమ్మ లేదు. మా పాప పుట్టిన ఏడాదికి పోయింది. నాన్న మాతోనే, అదే కాలనీలో మా ఆయనకి ఇచ్చిన క్వార్టరులో ఉంటున్నాడు. మా ఆయన లోకో పైలట్. పదిరోజుల్లో నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. పాపకి ఐదేళ్ళు.

పాప పుట్టిన దగ్గర్నుంచీ నాకు కాగితాలంటే భయం. దాని జనన ధ్రువపత్రంలో నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది సరిచేయించడానికి పదకొండుసార్లు తిరిగాను. అప్పటి నుంచి ఇంట్లో ఉన్న ప్రతి కాగితానికీ మూడు నకళ్ళు తీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వర్షం నీళ్ళు తగలని చోట దాస్తాను. మా ఆయన వేళాకోళం చేస్తాడు, వరదొస్తే పాపని నేను ఎత్తుకుంటాను, నువ్వు సంచి ఎత్తుకో అని. ఆయనకి నవ్వుగా ఉంటుంది. నాకు ఎవరో వచ్చి తలుపు కొట్టి నువ్వెవరివి అని అడిగినట్టు కలలు వస్తాయి.

నిజంగానే వచ్చి కొట్టారు. ఓటర్ల జాబితా మొత్తం కొత్తగా రాస్తున్నారని, మా బూతు పని చూసే అంగన్వాడీ దీదీ ఇంటింటికీ ఫారాలు తెచ్చింది. చాలా ఏళ్ళ కిందటి పాత జాబితా ఒకటుంది. అందులో నీ పేరుంటే సరే. లేకపోతే మీ అమ్మో నాన్నో, తాతో నాయనమ్మో, ఎవరో ఒకరి పేరు ఏ బూతులో ఏ వరసలో ఉందో వెతికి ఈ గడిలో రాయాలి. దేశంలో ఎక్కడి జాబితా అయినా ఫరవాలేదు. ఎక్కడా దొరకకపోతే తర్వాత నోటీసు వస్తుంది, విచారణకి వెళ్ళాలి. దీదీ ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీలో ఇదంతా ఎంతో మామూలుగా చెప్పింది. పక్క క్వార్టరాయన బోద్రీలో ఉన్న హైకోర్టులో గుమాస్తా. ఆయన తలుపులోంచి మెడ చాపి, “అఫిడవిట్ బన్‌వా లో బెహన్” అన్నాడు, ముందే చేయించి ఉంచుకోమని. ఆ ఒక్క ముక్కకి నేను ఆ రాత్రే సంచి విప్పి కాగితాలన్నీ మళ్ళీ లెక్కపెట్టాను.

నాన్న మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “మన పేర్లు మన సీటులో ఉన్నాయి. ఈళ్ళేటి అడిగేది? ఇంత కాలం ఎందుకు ఎల్లొచ్చేననుకున్నావు?”

ఆ మాటతో నాకు నిజంగా ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళ ప్రయాణాలకీ ఒక అర్థం ఉన్నట్టు తోచింది.

తర్వాతి వారం మా వరండా సంతలా ఉంది. కాలనీలో పాత ఆంధ్రా కుటుంబాల వాళ్ళ జాబితాలన్నీ తెలుగులో ఉన్నాయి. నాన్నకి ఫోన్లో అక్షరాలు ఆనవు కాబట్టి, తెలుగు చదవడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్ని. దయాల్‌బంద్ నుంచీ, నది అవతల సర్కండా నుంచీ కూడా ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఊరి పేరు చెబితే ఆ బూతు తెరిచి, ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చదివేదాన్ని, నాన్న నేర్పినట్టే.

ఒక ముసలావిడ తన మామగారిని వెతకమంది. దొరికాడు.

“ఉన్నాడా? ఆ లిస్టు రాసీనాటికే పోయి పదేళ్ళమ్మా” అంది ఆశ్చర్యంగా.

“జాబితాలో ఉన్నాడు మామ్మా.”

“ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక పని సేసి ఎరగడు. సచ్చినాక పనికొచ్చాడు” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ మనవళ్ళందరి ఫారాలూ ఆ చచ్చిపోయినాయన పేరు మీదే నిండాయి.

అలా చాలామందికి తాతలు దొరికారు. అందరివీ అయ్యాక మా ఊరి బూతు తెరిచాను. మా ఇంటి నంబరు దగ్గర వరస తెగి, ఎడమ పక్కింటి నుంచి కుడి పక్కింటికి వెళ్ళిపోయింది. తాత లేడు, అమ్మ లేదు, నాన్న లేడు. పొరపాటు పడ్డానేమోనని ఆ ఊరి పేర్లన్నీ మొదటి నుంచి చివరికి చదివాను. తర్వాత నాన్న దగ్గరకి వెళ్ళాను.

“నాన్నా, నీ పేరు లేదు.”

“సరిగ్గా సూడమ్మీ. ముందు ఇంటిపేరు సూడు, తరవాత పేరు.”

“మూడుసార్లు చూశాను. మన ఇల్లే లేదు అందులో.”

“లిస్టే తప్పయ్యుంటాది.”

“చచ్చిపోయినవాళ్ళు ఉన్నారు. నువ్వు లేవు.”

కళ్ళజోడు తీసి పంచెతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. పాప ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని బొమ్మలు గీస్తోంది. దాని తల మీద చెయ్యి వేసి, నా వంక చూడకుండా అన్నాడు, “తీసీసినారు.”

“ఎప్పుడు?”

“నువ్వు మూడో తరగతప్పుడు ఎల్లితే లేదన్నారు. ఊళ్ళో ఉండనోళ్ళని తీసీసినారంట.”

అంతకు ముందు ఎన్నికకైతే పేరు ఉందట. కానీ ఈయన బండి దిగి, బస్సెక్కి, ఊరు చేరేసరికే ఎవరో వేసేశారట. వేలికి సిరా గీత మాత్రం గీసి పంపారట. బూతులో ఏజెంటు నాన్నకి తమ్ముడి వరస, మాకు చిన్నాన్న. అతను అన్న మాట నాన్నకి ఇన్నేళ్ళయినా అక్షరం పొల్లు పోలేదు. “అన్నా, నువ్వొచ్చీసరికే నీ ఓటొచ్చి, లైన్లో నిలబడి, ఏసీసి ఎల్లిపోనాది. నీకన్నా దానికే తొందర.”

“నువ్వేమన్నావు?”

“అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను. ఏటి సేసేది?”

“మరి వేలు?”

ఆ వేలు పిడికిలిలో మూసుకున్నాడు. బొబ్బలూ, అమ్మ నూరిన కొబ్బరీ ఒక్కసారి నా కళ్ళ ముందుకి వచ్చాయి. మళ్ళీ అడిగాను.

“నల్లజీడి” అన్నాడు.

చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే గింజ అది. దాన్ని పొడిచి, ఊరిన రసం పుల్లతో గుడ్డ మీద గీసి, పైన సున్నం అద్దుతారు. గుడ్డ చిరిగినా ఆ నలుపు పోదు. గుడ్డకి సరే, ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. దానికి విరుగుడు కొబ్బరి. ఆ ఊళ్ళో చాకలి ఇంటికి వెళ్ళి, గింజ అడిగి తెచ్చుకుని, స్టేషన్లో బండి కోసం కూర్చుని, ఆయన తన వేలి మీద తనే గీసుకున్నాడు. తర్వాత తర్వాత పొక్కకుండా ముందు నూనె రాసుకోవడం నేర్చుకున్నాడట. ఎన్నిసార్లని నేను అడగలేదు. ఆయన రిటైరయ్యేదాకా వచ్చిన ప్రతి పార్లమెంటు ఎన్నికకీ వెళ్ళిన సంగతి నాకు తెలుసు.

“పేరే లేనప్పుడు ఎందుకు వెళ్ళావు నాన్నా?”

“ప్రతిపాలీ మళ్ళీ రాయిస్తానని సెప్పీవోడు మీ చిన్నాన్న.” కళ్ళజోడు చేతిలో తిప్పుతూ అన్నాడు, “షెడ్డులో అడిగీవోరు గదా. ఏలు సూపించమనీవోరు.”

జాలి పడాల్సింది. పడలేదు. ఫారం నా చేతిలో ఖాళీగా ఉంది. గడువు దగ్గర పడింది. పాప కింద కూర్చుని ఇంటి బొమ్మ గీస్తోంది. నా నోటికి వచ్చింది అమ్మ మాట.

“అమ్మ ఓటు ఎవరో వేసేశారని నవ్వుతూ చెప్పేవాడివి కదా. అప్పుడు అన్యాయం అనిపించలేదా?”

“అది ఏరు.”

“ఎలా వేరు?”

“ఇంట్లో ఆడోళ్ళ ఓటు... అది ఏరే అమ్మీ” అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు. చెప్పగలిగితే ఆ ఐదు దశాబ్దాల చరిత్రలో ఎక్కడో చెప్పి ఉండేవాడు. డ్యూటీ రిజిస్టరంతా అతికించిన ముక్కల్లో ఎవరు గెలిచారో ఉంది, ఎవరు ఓడారో ఉంది. వేసినవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, “మామయ్యగారిది కన్ఫర్మ్ టికెట్టు అనుకున్నాం, వెయిటింగ్ లిస్టులో కూడా లేరన్నమాట” అన్నాడు. నేను నవ్వకపోయేసరికి, నోటీసు వస్తే చూసుకుందాంలే అన్నాడు. చూసుకునేది ఆయన కాదు. ఆయన బండి మీద ఉంటాడు. పాపని పక్కింట్లో వదిలి, సంచి చంకన పెట్టుకుని, ఏదో ఆఫీసు గుమ్మంలో ‘మీరెక్కడివాళ్ళు’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పేది నేను. నేను ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో పుట్టాను, ఇక్కడి బడిలో చదివాను, ఇక్కడి కాలేజీలో డిగ్రీ తీసుకున్నాను. అయినా ఆ గడిలో రాయడానికి నాకు ఒక్క పేరు కావాలి. రేపు పాపని అడిగితే అది నా పేరు చెప్పాలి. నా పేరే లేకపోతే అదేం చెబుతుంది?

మూడో రోజు ఖాళీ ఫారం పట్టుకుని దీదీ దగ్గరకి వెళ్ళాను. అంగన్వాడీ గదిలో పిల్లలకి కిచిడీ పెడుతోంది. విషయం చెబితే, “ఇక్కడి పాత జాబితా చూశావా?” అంది హిందీలో.

“మా వాళ్ళకి ఇక్కడ ఓటు ఎప్పుడూ లేదు దీదీ.”

“చూడటానికి ఏం పోయింది?” అని మూలనున్న కట్ట చూపించింది.

అది హిందీలో ఉంది. నేను పెరిగిన పాత క్వార్టరు నంబరు వెతికాను, దీదీ మాట తీసెయ్యలేక. ఆ నంబరు ఎదురుగా ఒక పేరు ఉంది.

“ఇదెవరో ఒకాయన. మీ తర్వాత ఆ క్వార్టరులోకి వచ్చినాయనేమో” అంది దీదీ తొంగి చూసి.

చదివితే అలాగే ఉంది. మా ఇంటిపేరు హిందీలో రాస్తే అచ్చం మగవాడి పేరులా ఉంటుంది. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, అసలు పేరు తర్వాత. రాసుకున్నవాడు మొదట విన్నదే పేరనుకున్నాడు. చివరన ఉన్నది కులమో గోత్రమో అనుకుని సగం అక్షరాలతో ముగించాడు. కాలనీలో మన పాత కుటుంబాలన్నిటికీ ఏదో ఒక కాగితంలో ఈ గతి పట్టింది. నేను ఆ సగం అక్షరాలు చదివాను. పక్క గడిలో స్త్రీ అని ఉంది. దాని పక్కన, భర్త పేరు: మా నాన్న పేరు.

మళ్ళీ చదివాను. వయసు సరిపోయింది.

దీదీ కిచిడీ గరిటె పట్టుకునే నిలబడింది. “మిల్ గయా?” అంది. దొరికిందని తల ఊపాను. ఆ గదిలో, చిన్నపిల్లల మధ్య, ఆషాఢం కాని రోజుల్లో ఎర్రగా ఉన్న అమ్మ వేళ్ళు, వాటిలో నల్లగా పండిన ఒక్క వేలు నాకు అప్పుడు అర్థమయ్యాయి. నాన్న బండెక్కి ఓటు లేని బూతుకి వెళ్ళిన రోజుల్లో, అమ్మ నన్ను ఆటలకి పంపి, చీర మార్చుకుని, రెండు వీధుల అవతల వరసలో నిలబడింది. ఇద్దరూ ఒకే వారంలో వేళ్ళు నల్లచేసుకున్నారు. ఒకరిది అందరికీ చూపించేది, ఒకరిది ఎవరికీ కనపడకూడనిది. నాన్న వేలు వాసన చూసిన క్షణంలోనే ఆయన సంగతి ఆమెకి తెలిసిపోయి ఉంటుంది. కొబ్బరి నూరింది. తన సంగతి చెప్పలేదు.

నా ఫారం గడిలో అమ్మ పేరు రాశాను, జాబితాలో ఉన్నట్టే తిరగేసి, బూతు నంబరుతో, వరస నంబరుతో. దీదీ సంతకం పెట్టి రసీదు ఇచ్చింది. నా వరకు పని అయిపోయింది. నోటీసు రాదు.

ఆ పేజీ నకలు తీసుకుని ఇంటికి వచ్చాను. నాన్న వరండాలో పాపకి బఠాణీలు వలవడం చూపిస్తున్నాడు. కాగితం చేతికిచ్చి, వరస మీద వేలు పెట్టాను.

చాలాసేపు చదివాడు. “ఇది ఎవులో మగోడి పేరు గదా.”

“ఇంటిపేరు ముందు చెప్పింది. నువ్వు నేర్పినట్టే.”

కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. “మీ అమ్మేనేటి?”

“అమ్మే.”

“నాతోటి సెప్పలేదు.”

“నువ్వు చెప్పావా?”

బఠాణీల గిన్నె పక్కకి జరిపాడు. నేను మొన్న అడిగిన ప్రశ్నే అడిగాడు. “మరి ఏలు?”

“గోరింటాకు.”

తన ఎడమచేతి చూపుడువేలు వంక చూసుకున్నాడు. గోరు పక్కన చర్మం ఇప్పటికీ తెల్లగా, ముడతగా ఉంటుంది. అది యంత్రాల్లో పడి నలిగిన మచ్చ అని పాపకి చెబుతుంటాడు.

“ఇందులో నా పేరుంది” అన్నాడు తర్వాత, కాగితం తట్టి. గొంతులో చిన్న ఆశ. “పతి అని నాదే రాసినారు సూడు. నా ఫారానికి ఇది సాలదేటి?”

“చాలదు నాన్నా. భార్య పేరు చెల్లదట. అమ్మ, నాన్న, తాత, నాయనమ్మ. అంతే.”

“మరి నాకు?”

“నోటీసు వస్తుంది. పింఛను కాగితం పట్టుకుని విచారణకి వెళ్ళాలి. నేను తీసుకెళ్తాను.”

“ఇంతకు ముందు ఓటు ఎక్కడేసినావని అడుగుతారేటి?”

“అడగొచ్చు.”

కాగితం మడిచి నా చేతికి ఇచ్చేశాడు. సముద్రం ఒడ్డు సీటులో ఎవరి తర్వాత ఎవరు గెలిచారో నిద్రలో లేపినా చెప్పగల మనిషికి, దేశం మొత్తం మీద ఏ జాబితాలోనైనా తన పేరుందంటే, అది తను కిటికీ వేసుకున్న ఊళ్ళో, భార్య పేరు పక్కన, ఆమె భర్తగా ఉంది. దాంతో ఆయనకి ఏ పనీ జరగదు. ఈ మాట ఆయనకి చెప్పలేదు గానీ, అనుకున్నప్పుడు నాకు బాధ కలగలేదని ఇక్కడ రాస్తున్నాను.

పాప బఠాణీలన్నీ నేల మీద పోసేసింది. నేను వంగి ఏరుతుంటే నాన్న పైనుంచి అడిగాడు, మెల్లగా, షెడ్డు వాళ్ళెవరైనా వింటారేమో అన్నట్టు.

“ఎవులికేసీదో, మీ అమ్మ?”

తెలీదన్నాను. తెలిసినా చెప్పేదాన్ని కాదు.